మతస్వాతంత్ర్యమునకు మేర



పరమేశ్వరుడొక్కడే, మనుజులందరు నాతని బిడ్డలే. ఈ మాట ప్రార్థనామందిరమున బలుకుట సులభము. సికింద్రాబాదు వీధులలో నాచరించుట కష్టము.

“మా గుడిలోనికి ఎవరిని రానిత్తుమో మేమే నిర్ణయింతుము” అనువారు కలరు. ఈ వాదమును మేము తృణీకరింపము. మతవిషయమున స్వాతంత్ర్యమే లేనిచో, 1828వ సంవత్సరమున రామమోహనరాయలవారు బ్రహ్మసభను స్థాపింపగలిగెడివారా?

కాని యా స్వాతంత్ర్యమునకు మేర యెక్కడ? 1947వ సంవత్సరమున మదరాసు ప్రభుత్వము ఆలయప్రవేశశాసనమును జేసెను. దక్షిణకన్నడమందలి మూల్కి వేంకటరమణాలయమువారు అది గౌడసారస్వతుల గుడియని వాదించిరి. 1957వ సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను: రాజ్యాంగపు 26వ అధికరణము మతశాఖల కొసగిన హక్కు, సార్వజనిక హిందూదేవాలయములను సర్వవర్గములకు దెరచు శాసనములను సమ్మతించు 25వ అధికరణమునకు లోబడియుండును. అయినను ఆ శాఖవారికే పరిమితములైన కొన్ని కర్మలను వారికే విడిచెను. ఈ మేర న్యాయమైనదని మా యభిప్రాయము.

తలుపు తెరచుటతో శాసనము పని ముగిసినది. మన పని ముగియలేదు. 2018వ సంవత్సరమున హైదరాబాదునందలి జియాగూడ రంగనాథాలయమున, చిలుకూరు అర్చకులు రంగరాజన్‌గారు ఒక దళితభక్తుని భుజములపై నెక్కించుకొని లోనికి గొనిపోయిరి. ఏ చట్టమును వారి నట్లు చేయుమని నిర్బంధింపలేదు.

సోదరులారా, నేడింటికేగి, మన పంక్తిలో నింతవరకు నెవరికి విస్తరి వేయలేదో తలచుకొనుడు. వారిని రేపే పిలువుడు.

తండ్రీ! మా గృహద్వారములను దెరచు బలమును మాకు బ్రసాదింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.