చదువు – జ్ఞానము

చదువవేయగా ఉన్న మతి పోయినదను సామెత తెలుగునాట ప్రతి యింటను వినవచ్చును. ఇది చదువును నిందించు మాట కాదు. చదువు చేరవలసిన చోటికి చేరనిచో కలుగు కీడును హెచ్చరించు మాట. ముండకోపనిషత్తు విద్యలను పర, అపర యని రెండుగా విభజించి, వేదవేదాంగముల అధ్యయనమును సైతము అపరావిద్యలోనే చేర్చినది. నాశరహితుడగు పరమాత్మను పొందించునదే పరావిద్య. ఛాందోగ్యమున నారదుడు తాను నేర్చిన వేదేతిహాస గణిత తర్కాదులను వరుసగా పేర్కొని, ఇన్ని యెరిగియు తన శోకము తీరలేదని సనత్కుమారుని శరణుజొచ్చెను.

ఈ భేదము శ్రీరామానుజుల చరిత్రమున మిక్కిలి స్పష్టముగా గోచరించును. క్రీ.శ. 1017లో శ్రీపెరుంబూదూరున అవతరించిన ఆ మహనీయులు యౌవనమున కాంచీపుర ప్రాంతమున యాదవప్రకాశుల యొద్ద వేదాంతము నభ్యసించిరి. యాదవప్రకాశుల పాండిత్యము సామాన్యమైనది కాదు. ఒకనాడు ఆయన ఛాందోగ్యమునందలి ‘కప్యాస’ పదమునకు అర్థము చెప్పుచు, భగవంతుని నేత్రములను కోతి శరీరభాగముతో పోల్చెను. ఆయనకు తైలమర్దనము చేయుచున్న రామానుజుల కన్నీరు గురువు తొడపై పడెను. కారణ మడుగగా, సూర్యకిరణములచే వికసించిన తామరయే ఆ పదమునకు అర్థమని శిష్యులు వినయముతో విన్నవించిరి. ఇరువురికిని వ్యాకరణము తెలియును. గురువు పదమును చూచెను. శిష్యుడు ఆ పదము ఎవరిని గూర్చినదో చూచెను. శిష్యుని మాటలోని సత్యమును గురువుయొక్క విద్య సహింపలేకపోయెను. ఆ అసూయ ముదిరి, కాశీయాత్ర నెపమున శిష్యుని ప్రాణములకే హాని తలపెట్టునంతవరకు పోయినదని గురుపరంపర చెప్పుచున్నది.

ఆ కంచిలోనే తిరుక్కచ్చినంబి యను కాంచీపూర్ణులుండిరి. వారికి వేదపాఠశాలలో చోటు లేదు. అట్లని నిరక్షరులు కారు. దేవరాజాష్టకము వారి రచనగా ప్రసిద్ధము. వరదరాజస్వామికి వింజామర వీచు సేవయే వారి జీవితము. ఆ యేకాంతమున స్వామి వారితో మాటలాడెడివాడు. రామానుజులు తమ సందేహములను స్వామికి విన్నవింపుమని వారినే ప్రార్థించిరి. పరతత్త్వము తానేయనియు, జీవేశ్వరుల భేదము సత్యమనియు, శరణాగతియే ఉపాయమనియు, అంతిమస్మృతి నియమము లేదనియు, దేహావసానమున మోక్షము కలుగుననియు, మహాపూర్ణుల నాశ్రయింపుమనియు స్వామి ఆరు మాటలను వారి నోట పంపెను. మహాపండితుని సందేహము విసనకఱ్ఱ పట్టిన చేతుల వాని ద్వారమున తీరినది.

రామానుజులు కాంచీపూర్ణుల భుక్తశేషమును ప్రసాదముగా స్వీకరింపదలచి వారిని భోజనమునకు పిలిచిరి. తాము ఇంట లేని వేళ వారు వచ్చి భుజించి వెడలగా, గృహిణి మిగిలిన అన్నమును ఇతరులకిచ్చి, ఆ చోటు శుద్ధిచేసి, స్నానమాచరించి, మరల వంట చేసినది. విషయము తెలిసి రామానుజులు మిగుల వగచిరి. ఒకే యింట ఒకరికి కులము కనబడెను. మరియొకరికి భాగవతుడు కనబడెను. ఏ ఇంటివారైనను తమ కన్నులకు ఏది కనబడుచున్నదో పరీక్షించుకొనవలసిన ఘట్టమిది.

దీనివలన శాస్త్రాధ్యయనము వ్యర్థమని తలపరాదు. శ్రీభాష్యమును రచించినవారు రామానుజులే. అయినను రహస్యార్థమునకై గోష్ఠీపూర్ణుల యొద్దకు 18 మారులు నడచి వెళ్ళిరి. తిరుమల కొండ పాదమున మేనమామయగు తిరుమలనంబుల కడ ఒక సంవత్సరము శ్రీరామాయణార్థమును వినిరి. చదువు పెరిగినకొలది వంగుటయే వారి జ్ఞానమునకు గురుతు. తుదకు యాదవప్రకాశులును తల్లి హితవు విని, తమ శిష్యునికే శిష్యులై, గోవింద జీయరను నామముతో యతిధర్మసముచ్చయమును రచించిరి. వెనుకటి పాండిత్యము నశింపలేదు. అహంకారము తొలగగా అదియే కైంకర్యమైనది.

నేటి తలిదండ్రులు బిడ్డల చదువునకై ఆస్తులమ్మియైనను వ్యయపడుచున్నారు. అది తప్పు కాదు. బ్రతుకుతెరువునకు చదువు కావలెను. కాని మార్కుల పట్టికతో పాటు మూడు విషయములను గూడ విచారింపవలెను. తన తప్పును చిన్నవాడు చూపినపుడు బిడ్డ సహింపగలుగుచున్నాడా? తనవలె చదువనివారి యందలి గొప్పతనమును గుర్తింపగలుగుచున్నాడా? ఒరుల బాధను తన ప్రార్థనలో చేర్చుచున్నాడా? యాదవప్రకాశులు తొలుత తప్పినది మొదటి పరీక్షలో. రామానుజులు నెగ్గినది రెండవదానిలో. మూడవది కాంచీపూర్ణుల నిత్యకృత్యము.

తిరుమల క్యూలో పట్టభద్రుడును, సంతకమెరుగని ముదుసలియు పక్కపక్కనే నిలుచుందురు. గర్భాలయ ద్వారమున ఎవరి పట్టాను ఎవరును అడుగరు. అలసిన ఆ ముదుసలికి చేయూతనిచ్చి ముందునకు నడిపించిన నాడు ఆ పట్టభద్రుని చదువు సఫలమగును. అట్టి చదువును ప్రతి యింటి బిడ్డలకును శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!