వాడికి చదివి వినిపించు

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నాలుగో తరగతికి వచ్చినా బాబు ఇంకా కూడబలుక్కునే చదువుతున్నాడనీ, హోంవర్కు దగ్గర వాడితోపాటు నీకూ ఏడుపొస్తోందనీ రాశావు. కళ్లలో, చెవుల్లో లోపం లేదన్నారు. సైకాలజిస్టు పరీక్షలు పెట్టి డిస్లెక్సియా అని తేల్చారు. అది నీ పెంపకం లోపం కాదమ్మా. అక్షరాన్ని దాని శబ్దంతో కలుపుకునే పని వాడి మెదడుకు కష్టం. తెలివికి లోటేమీ లేదు.

వాడి మీదున్న బరువు ఎంతో చూడు. ప, వ, మ, ష ఒకే పోలికలో ఉంటాయి. ద కింద చిన్న గీత చేరితే ధ అవుతుంది. గుడులు పైన, వత్తులు కింద. ఇవి చాలవన్నట్టు హిందీ, ఇంగ్లీషు లిపులు. ఒక్కో అక్షరాన్నీ పోల్చుకుంటూ వాక్యం చివరికి వెళ్లేసరికి మొదట చదివింది జారిపోతుంది. డైరీలో టీచరు బద్ధకమని రాసింది ఈ అలసటనే.

1896లో ఇంగ్లండు డాక్టరు ప్రింగిల్ మోర్గాన్ ఇలాంటి పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి వైద్యపత్రికలో రాశాడు. చురుకైనవాడే, చదవడం మాత్రం పట్టుబడలేదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో వీడిని మించినవాడు ఉండడని ఆ అబ్బాయి మాస్టారు అన్నారట. జీవితమంతా బడిలో గడిపినదాన్ని కనుక ఆ మాట నాకు బాగా పట్టింది. ఇలాంటి పిల్లలకు అసలు ప్రమాదం చదవలేకపోవడం కాదు. చదవలేరని వాళ్లకు తెలియాల్సినవి కూడా అందకుండా పోవడం. మొక్క ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో తెలుసుకోవడానికి ఆ పేజీ వాడే చదవాలని ఏముంది? నువ్వు చదివి వినిపించు. జవాబు నోటితో చెప్పించు. అక్షరాల సాధన విడిగా పెట్టుకో. స్పెషల్ ఎడ్యుకేటర్ చెప్పినట్టు శబ్దం పలుకుతూ, వేలితో దిద్దుతూ కాసేపే, కానీ రోజూ చేయించాలి. తప్పు రాసిందాన్ని వందసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి తప్ప మిగిలేదేమీ ఉండదు.

రేపు సంబంధాలకు అడ్డమని డిస్లెక్సియా సర్టిఫికెట్ వద్దంటున్నారట మీ అత్తగారు. ఆవిడది మనవడి మీద బెంగే. కోపం లేకుండా చెప్పు, కానీ ఆ మాట మీద ఆగిపోకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందిని పేరు పెట్టి చేర్చారు. వాళ్ల బడి సి.బి.ఎస్.ఇ. కదా, ఆ కాగితం ఉంటే పదో తరగతి పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. రాసిపెట్టే మనిషిని తెచ్చుకోవచ్చు, ఒక భాష తగ్గించుకోవచ్చు. ఇది ఎవరి దయా కాదు. క్లాసులో వాణ్ని నిలబెట్టి అందరి ముందూ చదివించడం ఆపమని ప్రిన్సిపాల్‌ను కాగితం మీదే అడుగు. పిల్లల్ని కొట్టడమే కాదు, మనసు నొప్పించి వేధించడమూ 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధమే. టీచరుతో తగవు పడమనడం లేదు. నలభైమందిని చూసుకునే మనిషికి ఈ సంగతి ఎవరైనా విడమరిచి చెప్పాలి. ఆ పని నీదే.

బాబుకు దాచకు. పేరుతో సహా చెప్పు. చెప్పకపోతే వాడే తనకో పేరు పెట్టుకుంటాడు, మొద్దు అని. ఆ పేరు ఒకసారి లోపల నాటుకుంటే ఏ ట్యూషనూ దాన్ని పెరకలేదు. అక్క ప్రోగ్రెస్ కార్డు వాడి ముందు తెరవకు. వాడు సైకిల్ చైను బిగించే తీరు మీ పెదనాన్న ఇంకా చెబుతూనే ఉంటారు. ఇక నుంచి ఆయన్ని ఆ మాట వాడి ఎదురుగా అనమంటాను.

దసరా సెలవులకు వాణ్ని ఇక్కడికి పంపు. సైన్సు, సోషల్ పుస్తకాలు సంచిలో పెట్టు. చదవడం నా వంతు, ప్రశ్నలు వెయ్యడం వాడి వంతు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ