కండెల వరస

భూదాన్ పోచంపల్లిలో ఓ చేనేత జంట. ఆయన మగ్గం మీద, ఆమె రాట్నం దగ్గర. చిటికి కట్టి రంగులద్దిన పేక నూలును ఆమె కండెలకు చుట్టి, వరస తప్పకుండా దారానికి గుచ్చి ఇచ్చేది. చిలకల చీరకు ఆ వరసే ప్రాణం. ఒక కండె ముందూ వెనకా అయితే చిలక మెడ పక్కకు పోతుంది. ఆయనకు చత్వారం వచ్చి చాలా కాలమైంది. డిజైన్‌లో తేడా పట్టే కన్ను ఎప్పుడూ ఆమెదే.

అరవై దాటాక ఆమెకు మరపు మొదలైంది. వంట చేసేది, డబ్బు లెక్క చూసేది, బజారుకు పోయి వచ్చేది. కాకపోతే అడిగిందే అడిగేది. "అంగడి రేపేనా?" అని పొద్దున అడిగి, అన్నం వడ్డిస్తూ మళ్లీ అడిగేది. ఒక్కోరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. ఆయన చెడ్డవాడేం కాదు. ఎప్పటి తప్పు అప్పుడు దిద్దితే మతి గట్టిపడుతుందని నమ్మాడు. "ఇందాకనే చెప్పిన గదనే, యాది తెచ్చుకో" అని ప్రతిసారీ అన్నాడు. చుట్టాల ముందు మనవడి పేరడిగి పరీక్ష కూడా పెట్టాడు. ఓసారి రెండు కండెలు తారుమారయ్యేసరికి రాట్నం పక్కింటి పిల్లకు అప్పగించి, "నువ్వు ఊకె కూసో, ఆరాం చెయ్" అన్నాడు.

ఆమె అడగడం తగ్గించింది. కొన్నాళ్లకు మానేసింది. "మా ఇంటామెకు నయమైంది" అని ఆయన చాయ్ హోటల్లో సంబరంగా చెప్పుకున్నాడు.

దసరా ముందు చీర పట్టుకుపోతే, సేటు విప్పి చూసి సగం ధర కట్టాడు. కొంగు పొడవునా చిలకల మెడలు విరిగి ఉన్నాయి. పక్కింటి పిల్ల కండెలు కలిపేసింది. ఆయన ఇంటికొచ్చి చీర పరిచాడు. ఆమె సరిగ్గా మెడ మీద వేలు పెట్టింది.

"ఈడ వరస తప్పింది. దినాం చూస్తనే ఉన్న."

"చూసి చెప్పలేదేందే?"

"నా మాటే తప్పేమోనని ఊకున్న."

మర్నాడు రాట్నం ఆమె దగ్గరికి తిరిగి వచ్చింది, ప్రతి కండెకూ అంకె రాసిన చీటీతో సహా. అంగడి రోజు చుట్టూ గోడ క్యాలెండర్‌లో ఎర్ర గీత పడింది. అయినా ఆమె అడుగుతూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు, మరీ విసుగొచ్చిన రోజు ఓసారి చాయ్‌కి పోయి వచ్చి.

నీతి: మరపు మొదలైన భార్యనో భర్తనో అస్తమానం దిద్దుతూ ఉంటే తప్పులు ఆగవు, మాటలు ఆగిపోతాయి. ఆ మౌనాన్ని చూసి నయమైందని మురిసిపోకూడదు.

సేటు తగ్గించిన సొమ్ము చిన్న నష్టమే, ఆమె మాట ఆగిపోవడం పెద్దది. ఇలాంటి మరపును డాక్టర్లు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. జ్ఞాపకం వయసుకు మించి తగ్గినా, రోజువారీ పనులు సొంతంగా చేసుకోగల దశ ఇది. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018లో ఇచ్చిన లెక్క ప్రకారం, 65 దాటి ఈ దశలో ఉన్నవాళ్లలో రెండేళ్లలో డిమెన్షియాకు చేరేది సుమారు 15 శాతం. కొందరు అక్కడే ఆగుతారు, కొందరు మళ్లీ మామూలవుతారు కూడా. బి12 లోపమో, థైరాయిడో, దిగులో, నిద్రమాత్రలో, వినికిడి తగ్గడమో కారణమైతే దానికి చేయగలిగింది ఉంటుంది. వీటిలో దిగులు లాంటివి బయటపడాలంటే రాత్రి నిద్ర పట్టడం లేదనీ, దేని మీదా మనసు పోవడం లేదనీ ఆ మనిషే నోరు విప్పి చెప్పాలి. ఇంట్లో ఊకున్న మనిషి ఆస్పత్రిలో మాత్రం ఏం చెబుతుంది?

అందుకే డాక్టర్ ఆమెను అడిగిన ప్రశ్నకు భర్త చటుక్కున జవాబు ఇవ్వకూడదు. మన మగవాళ్లకు ఇది కొంచెం కష్టమే. తేదీ తప్పు చెప్పినా ఆమెనే చెప్పనివ్వాలి, తాను చూసింది తర్వాత చెప్పొచ్చు. ఆమె ఎక్కడ తడబడిందో కూడా డాక్టర్‌కు తెలియాలి.