పాలకుని మెడపై దాసుల హక్కులు

 

2003 డిసెంబరు 13 రాత్రి ఇరాక్‌లోని తిక్రీత్ పట్టణానికి దగ్గర్లో, అద్దౌర్ వద్ద ఒక పొలంలోని గుంత నుంచి సద్దాం హుసైన్‌ను అమెరికా సైనికులు బయటికి తీశారు. మనిషి పడుకోవడానికి మాత్రమే చాలే గుంత అది. పైన ఇటుకలు, మట్టి కప్పి ఉన్నాయి. అతని దగ్గర ఒక పిస్తోలు, ఏడున్నర లక్షల డాలర్ల నగదు దొరికాయి. 1979 నుంచి 2003 వరకు ఇరాక్‌ను శాసించి, పదుల కొద్దీ రాజభవనాలు కట్టించుకున్న వ్యక్తికి ఆ రాత్రి భూమి మీద మిగిలిన చోటు అదే. ఇద్దరు కొడుకులు అప్పటికే జూలైలో మోసుల్‌లో చనిపోయారు.

మర్నాడు ఆ దృశ్యాన్ని మనమంతా టీవీలో చూశాం. మాసిన గడ్డం, చెదిరిన జుట్టు, నోరు తెరిపించి లైటు వేసి చూస్తున్న డాక్టరు. మనలో చాలామందికి గుండె కలుక్కుమంది. ఆ బాధను మేము తప్పుపట్టడం లేదు. సామూహిక వినాశక ఆయుధాలున్నాయని చెప్పి యుద్ధానికి దిగినవారికి అక్కడ అటువంటి నిల్వలేవీ దొరకలేదు. ఆ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన అమాయకుల లెక్క కూడా అల్లాహ్ వద్ద ఉంది. బందీని లోకానికి వేడుకగా చూపడం మన ధర్మం నేర్పిన మర్యాద కూడా కాదు.

అయితే మనల్ని మనం ఒక మాట అడగాలి. 1988 మార్చి 16న ఇదే పాలకుని విమానాలు హలబ్జా పట్టణం మీద విషవాయువు కురిపించినప్పుడు మనకు ఇంత బాధ కలిగిందా? ఆ ఒక్క దాడిలో దాదాపు ఐదు వేల మంది చనిపోయారు. పిల్లల్ని ఒడిలో పట్టుకున్న తల్లులు, తండ్రులు వీధుల్లోనే ఒరిగిపోయారు. వారు కుర్దులు. కలిమా చదివినవారే, ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసినవారే. వారి మీద ఆ ఏడాది సాగించిన దమనకాండకు పెట్టిన పేరేమిటో తెలుసా? అన్ఫాల్! బద్ర్ యుద్ధం నేపథ్యంలో అవతరించిన సూరా పేరు. ముస్లిముల ఊళ్లను నేలమట్టం చేయడానికి దివ్యఖుర్ఆన్ నుంచి పేరు తీసుకున్నారు. గ్రామాలకు గ్రామాలే మాయమయ్యాయి. చనిపోయినవారు యాభై వేల నుంచి లక్ష మంది వరకు ఉంటారని మానవ హక్కుల పరిశోధకుల అంచనా.

1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించినప్పుడు దెబ్బ మన వాకిళ్ల దాకా వచ్చింది. పొట్టకూటికి వెళ్లిన లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు అన్నీ వదిలి, అమ్మాన్ మీదుగా విమానాల్లో తిరిగి రావలసి వచ్చింది. వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత 1991 జనవరిలో ఇరాక్ జెండా మీద ‘అల్లాహు అక్బర్’ వెలిసింది. తర్వాతి సంవత్సరాల్లో బాగ్దాద్‌లో ఒక భారీ మస్జిదు లేచింది. తన రక్తంతో రాయించానని చెప్పుకున్న ఖుర్ఆన్ ప్రతిని అందులో ఉంచాడు. దేహం నుంచి కారిన రక్తం అపవిత్రమని మన మద్రసాలో చదివే పసివాడికీ తెలుసు! జెండా చూసి మురిసిన మనం దాని కింద ఎవరు నలిగారో చూడలేదు.

దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని దైవప్రవక్త (స) ఒకసారి తన సహచరులను అడిగారు. డబ్బూ, సామానూ లేనివాడని వారన్నారు. కాదు, ప్రళయదినాన నమాజు, రోజా, జకాత్ వెంట తెచ్చుకుని కూడా ఒకరిని తిట్టి, ఒకరిపై నింద వేసి, ఒకరి సొమ్ము తిని, ఒకరి రక్తం చిందించి వచ్చేవాడే దివాలా తీసినవాడని ఆయన వివరించారు. అతని పుణ్యాలు బాధితులకు పంచిపెడతారు. అవి చాలకపోతే వారి పాపాలు అతని నెత్తికెత్తుతారు. పశ్చాత్తాపపడితే అల్లాహ్ తన హక్కును క్షమిస్తాడు. దాసుల హక్కు మాత్రం దాసుడే క్షమించాలి. హలబ్జా పసిపిల్లల దగ్గరికి వెళ్లి మాఫీ అడిగేదెవరు?

పరపీడకుడు ఒక్కడే తయారుకాడు. 1979 జూలైలో, అధికారంలోకి వచ్చిన కొద్ది రోజులకే, సద్దాం తన పార్టీ నాయకుల సమావేశం పెట్టాడు. ద్రోహులంటూ ఒక్కొక్క పేరే చదివించాడు. పేరు వినబడినవాణ్ణి బయటికి తీసుకుపోతుంటే, మిగిలినవాళ్లు లేచి అతనికి జయజయధ్వానాలు చేశారు. దౌర్జన్యపరుడైన సోదరునికి కూడా సహాయం చేయమన్నారు ప్రవక్త (స). ఎలాగంటే, అతని చేతిని దౌర్జన్యం నుంచి ఆపడమే ఆ సహాయం. ఆ హాలులో అతనికి ఆ సహాయం చేసినవాడు లేడు. అమెరికాకు ఎదురు నిలిచాడన్న ఒక్క కారణంతో దూరం నుంచి మనమూ జయజయధ్వానాలే చేశాం. మనం నష్టపరచింది అతని బాధితుల్నే కాదు, అతన్ని కూడా.

దుజైల్ అనే ఊళ్లో 148 మందిని చంపించిన కేసులో అతనికి 2006 నవంబరు 5న మరణశిక్ష పడింది. డిసెంబరు 30న, సరిగ్గా ఈదుల్ అద్‌హా నాడే ఉరి తీశారు. పండుగపూట అలా చేయడం చాలామంది మనసుల్ని గాయపరచింది. ఉరికంబం మీద అతను షహాదా పలికాడు. అతని అంతరంగం అల్లాహ్‌కే తెలుసు, తీర్పు కూడా ఆయనదే.

“అతని మగ్ఫిరత్ కోసం దుఆ చేయవచ్చా?” అని అడిగేవారున్నారు. షహాదా పలికి పోయినవాని కోసం దుఆ చేసేవారిని మేము ఆపం. కానీ ముందుగా హలబ్జా, దుజైల్ మృతుల కోసం చేతులెత్తండి. వారి కోసం ఇంతవరకు మన ఇళ్లలో ఎవరూ అడగనే లేదు.