పరిచారిక మనోబలము

రోగి చెంత కంటతడి పెట్టని నర్సునే లోకము ధైర్యవంతురాలని మెచ్చుకొనును. నర్సింగు విద్యార్థిని తొలిసారి ఒక మరణమును కన్నులార చూచి వణకినప్పుడు, "అలవాటు పడుదువులే అమ్మా" అని పెద్దలు ఓదార్తురు. ఆ మాటలో వాత్సల్యమే గాని కపటము లేదు. కాని అలవాటు పడుట యనగా నేమి? మనస్సు నిలకడ చెందుటయా, మొద్దుబారుటయా? పైకి రెండును ఒకే తీరున కనబడును.

ఇసబెల్ మెంజీస్ అను మనోవిశ్లేషకురాలు లండనులోని ఒక బోధనాసుపత్రిలో నర్సుల స్థితిగతులను పరిశీలించి 1960లో ఒక వ్యాసము ప్రకటించినది. అక్కడ రోగిని పేరుతో గాక మంచము అంకెతోను, చెడిన అవయవముతోను పేర్కొనుట వాడుకయై యుండెను. పనిని ముక్కలుగా పంచి, ఒక్కొక్క నర్సు పలువురు రోగులకు కొద్దికొద్దిగా చేయునట్లు ఏర్పరచిరి. విద్యార్థినులను వార్డునుండి వార్డునకు తరచుగా మార్చుచుండిరి. ఏ రోగితోను మమకారము పెరుగకుండ ఇవి అడ్డుపడుచున్నవని ఆమె గ్రహించినది. అయినను వేదన తగ్గలేదు. విద్యార్థినులలో సుమారు మూడవ వంతు చదువు ముగింపకయే వెడలిపోవుచుండిరి.

దీనికి భిన్నమైన చరిత్ర ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో జరిగినది. 1973 నవంబరులో అరుణా షాన్‌బాగ్ అను నర్సు ఆ ఆసుపత్రిలోనే దారుణమైన దాడికి గురియై, మరల కోలుకొనని స్థితికి చేరినది. 2015 మే నెలలో కన్నుమూయు వరకు, 41 సంవత్సరములకు పైగా, తోటి నర్సులును, వారి పిదప ఉద్యోగమున చేరిన నర్సులును ఆమెను సాకిరి. కదలలేని దేహమునకు పడకపుండ్లు రాకుండ కాచుట ఎంతటి పనియో, ఇంట మంచము పట్టిన వృద్ధులకు సేవ చేసినవారు ఎరుగుదురు. 2011లో సుప్రీంకోర్టు ఆమె విషయమై తీర్పు చెప్పుచు ఆ నర్సులను కొనియాడెను. అట్టి స్థితిలో ప్రాణము నిలుపుటయే మేలా యను ప్రశ్న వేరు. అందు సజ్జనులలోనే భిన్నాభిప్రాయములు కలవు. ఇచట గమనింపదగినది, ఆ మమకారము ఒకరి చేతినుండి మరియొకరి చేతికి అందుచు వచ్చినదనుట. భారము ఏ ఒక్కరి భుజముపైనను పడలేదు.

ఆశ, ఆత్మవిశ్వాసము, ఆశావాదము, పడి లేచు శక్తి అను నాలుగింటిని కలిపి ఫ్రెడ్ లూథాన్స్ మున్నగు పండితులు మానసికమైన మూలధనమని పేర్కొనిరి. మూలధనమన్న పోలిక సరియైనదే. తీయుచునే యుండి వేయకున్నచో ఏ మూలధనమైనను కరగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగమువలన కలుగు ఈ మనస్సు డస్సిపోవుటను రోగముగా గాక, పనిచోట అదుపు తప్పిన దీర్ఘకాలపు ఒత్తిడి ఫలితముగా నిర్వచించినది. కనుక వార్డునిండ రోగులను ఒక్కరికే అప్పగించి, ఆమెకు ధ్యానము నేర్పుకొమ్మని చెప్పుట న్యాయము కాదు.

కాయకమును పూజగా నెంచు కుటుంబములవారును ఈ విషయమున జాగరూకులై యుండవలెను. మారయ్య అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును తిరిగి ఇచ్చి రమ్మన్న ఆయ్దక్కి లక్కమ్మ కథ వారెరిగినదే. అధికముగా తీసికొనుట దోషమైనప్పుడు, సేవయను పేరు చెప్పి ఒకరినుండి అధికముగా పిండుకొనుట దోషము కాకపోవునా?

తొలి మరణమును చూచిన ఆ విద్యార్థినికి ఆ రాత్రి కావలసినది స్వల్పమే. పోయిన రోగిని పేరుతో తలచుచు ప్రక్కన కాసేపు కూర్చుండు పెద్ద నర్సు ఒకరు. అంతవరకు వార్డు చూచుకొనుటకు మరియొకరు. నైట్ డ్యూటీలో ఆ రెండవ మనిషి ఉన్నదా లేదా యన్నది ఆసుపత్రి యజమాన్యము తేల్చవలసిన సంగతి.