నులిపురుగునకు జాతి యెక్కడిది?

1949వ సంవత్సరమున ఎల్స్‌వర్త్ డౌగర్టీ, విక్టర్ నిగాన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నేలలో లభించిన యొక నులిపురుగును క్రొత్త జీవజాతిగా వర్ణించి, దానిని మట్టినుండి వేరుచేసిన మార్గరెట్ బ్రిగ్స్ పేరిట 'బ్రిగ్సే' యని నామకరణము చేసిరి. అది మనుష్యుని ప్రేవులలోనో పైరుల వేళ్లలోనో చేరి పీడించు పరాన్నజీవి కాదు. క్రుళ్లుచున్న ఆకులలములందు బాక్టీరియాలను భుజించుచు, తన బ్రతుకు తాను బ్రతుకు ఒక మిల్లీమీటరు ప్రాణి. ఇంతటి అల్పజీవికి కలిగిన నామకరణమునందు మన తార్కికులు శతాబ్దములపాటు వాదించిన ప్రశ్న యొకటి ఇమిడియున్నదని నాకు తోచుచున్నది: జాతి యనునది లోకమునందు ఉన్నదా, లేక మన బుద్ధియందు మాత్రమే ఉన్నదా?

నులిపురుగును వర్ణించు పద్ధతి చిత్రమైనది. దానిని వేడిచే చంపి, ఫార్మలిన్‌లో నిలువచేసి, గ్లిసరిన్‌లో నానవేసి, గాజుపలకపై నుంచి సూక్ష్మదర్శినిలో కొలుతురు. దేహము పొడవును వెడల్పుచేతను, అన్నవాహిక పొడవుచేతను, తోక పొడవుచేతను భాగించి, ఆ లబ్ధములను పట్టికలో వ్రాయుదురు. ఈ భాగహారము పందొమ్మిదవ శతాబ్దమున డి మాన్ అను డచ్చి పండితుడు నెలకొల్పినది. నోటిగూడు ఆకారము, స్త్రీజననాంగము దేహమున ఎంతదూరమున నున్నది, మగదాని తోకవద్ద నుండు కంటకములు, వాని చుట్టునున్న కిరణముల అమరిక, ఇవి యన్నియు చిత్రించిన పిదప, ఇది ఇంతకుముందు తెలిసిన వానినుండి ఎట్లు భిన్నమో నిరూపింపవలయును. ప్రాణి యొక్క స్వరూపమును కూడికలు తీసివేతలలోనికి దించు ఈ తంతును చూచి నవ్వు పాఠకుని నేను తప్పుపట్టజాలను. కాని నవ్వి వదలివేయుటకు ముందు ఒక సంగతి గమనింపవలసియున్నది.

ఈ కొలతలును చిత్రములును పట్టుకొనునది ఆకృతిని, వేరుపాటును; అవియే జాతి యగునా యని మన తార్కికులు ఏనాడో విచారించిరి. గౌతముడు న్యాయసూత్రములందు, ఒక పదము దేనిని బోధించును, వ్యక్తినా, ఆకృతినా, జాతినా యని విచారించి, మూడును పదార్థమే యని తేల్చెను. మన ఆంధ్రదేశపు తార్కికుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు, సామాన్యము, అనగా జాతి, నిత్యమనియు, ఏకమనియు, అనేక వ్యక్తులను అనుగతమై యుండుననియు లక్షణము చెప్పెను. వ్యక్తులు పుట్టి గిట్టుచుండును. గోవులన్నిటియందు నుండు గోత్వము మాత్రము చావదు. బౌద్ధుడైన దిఙ్నాగుడు దీనిని త్రోసిపుచ్చి, గోవు అనగా గోవు కానివానినుండి వేరైనది యని మాత్రమే అర్థమనియు, ఆ వేరుపాటును దాటి గోత్వమను వస్తు వేదియు లేదనియు వాదించెను.

ఇప్పుడు బ్రిగ్సేను చూడుడు. ఆకృతియందు దానికి మిక్కిలి దగ్గరగా నున్నది ఎలెగాన్స్ అను మఱియొక నులిపురుగు; దీనిని 1900వ సంవత్సరమున ఎమిల్ మోపా అను ఫ్రెంచి పండితుడు ఆల్జియర్స్ నేలలో కనుగొని వర్ణించెను. తరువాత సిడ్నీ బ్రెన్నర్ శిష్యబృందము దీని దేహమునందలి కణములన్నిటిని, 302 నాడీకణములతో సహా, లెక్కించినందున లోకప్రసిద్ధి గాంచినది ఇదియే. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచినచో, ఆకృతినిబట్టి వేరుచేయుట నిపుణులకును శ్రమ. అట్లయ్యు డౌగర్టీ, నిగాన్ 1949వ సంవత్సరమునందే వీనిని పరస్పరము సంకరము చేయ యత్నించిరి. రెండింటి మధ్య సంతానపరంపర నిలువలేదు. 2003వ సంవత్సరమున రెండింటి జన్యురచనలను సరిపోల్చినవారు, ఇవి దాదాపు పది కోట్ల సంవత్సరములకు పూర్వమే వేరుపడినవని గణించిరి. తరువాతి గణనలు అంతకాలము కాదనుచున్నవి గాని, ఏ లెక్కను గ్రహించినను మనుష్యుడు భూమిపై పుట్టకమునుపే ఆ వేర్పాటు జరిగియున్నది.

కావున జాతిభేదము మన పట్టికలచేత కల్పితమైనదని చెప్పుట కుదరదు. పేరు పెట్టువాడు లేనినాడును ఈ పురుగునకు ఆ పురుగు అన్యమే. ఇక్కడ నైయాయికుడు గెలిచినాడు. ఆకృతి భేదమును దాచిపెట్టగా, జనన పరంపర దానిని బయలుపెట్టినది. దిఙ్నాగుని వేరుపాటు వర్ణనపత్రమునందు తప్పక కానవచ్చును గాని, ఆ వేరుపాటునకు వెనుక కాలమునందు జరిగిన యొక వాస్తవసంఘటన యున్నది.

అయితే ఈ గెలుపు చిరకాలము నిలువదు. సంకరమున సంతతి నిలుచుటయే జాతికి నికషమనుకొంటిమి. మగవియే లేని నులిపురుగులను గూర్చి ఏమందుము? సైబీరియాలో కొలిమా నదీతీరమున మంచుగట్టిన నేలలో, దాదాపు 46,000 సంవత్సరముల క్రిందటి ఉడుతజాతి జంతువు బొరియలోని మట్టినుండి మేల్కొలుపబడిన యొక నులిపురుగును, 2023వ సంవత్సరమున పనాగ్రోలైమస్ కొలిమాయెన్సిస్ అను క్రొత్త జాతిగా వర్ణించిరి. దీనిలో ఆడువి మాత్రమే యుండి, మగదాని ప్రమేయము లేకయే గ్రుడ్లు పెట్టుచున్నవి. ఇట్టిదానికి సంకరపరీక్ష ఎక్కడ? ప్రతి తల్లియు తన వంశమును తానే వేరుగా నడుపుచుండగా, ఎచ్చట గీత గీసి ఇంతవరకు ఒక జాతి యనగలము? జన్యువుల పోలికయు, దేహపు కొలతలును, వంశవృక్షమున దాని తావును చూచి శాస్త్రజ్ఞులు ఒక నిర్ణయమునకు వచ్చుచున్నారు. ఆ నిర్ణయము యుక్తమైనదే; కాని నిర్ణయమే, దర్శనము కాదు.

అందువలననే కాబోలు, జంతునామకరణ శాసనము ఒక విచిత్రమైన జాగ్రత్త పాటించుచున్నది. 1999వ సంవత్సరము తరువాత ప్రకటితమగు ప్రతి జాతికిని మూలవ్యక్తి నిర్దేశింపబడవలయును. పేరు ఆ జాతికి గాక ఆ మూలవ్యక్తికి ముడిపడియుండును. నులిపురుగుల విషయమున అది సాధారణముగా గాజుపలకపై నున్న యొక మృతశరీరము. ఆ వ్యక్తి తన జాతియందు శ్రేష్ఠమనిగాని, సగటుదనిగాని, జాతిస్వభావమును పరిపూర్ణముగా ధరించినదనిగాని ఎవ్వరును చెప్పరు. రేపు వేఱొక పండితుడు జాతిసరిహద్దులను మార్చిన యెడల, ఆ శరీరము ఏ వైపున పడునో పేరును ఆ వైపునకే పోవును. గౌతముని మూడు పదార్థములలో పేరునకు వ్యక్తిని ఆధారముగా నిలిపి, ఆకృతిని సాక్షిగా పిలిచి, జాతిని మాత్రము ఖండింపదగిన ప్రతిజ్ఞగా నుంచినారన్నమాట. ఇంతటి వినయము మన తర్కశాస్త్రమునకును అలవడియుండినచో, గోత్వమును గూర్చిన వాదగ్రంథములు కొంత పలుచనై యుండెడివి!

అన్నంభట్టు చెప్పిన లక్షణమును నేను పూర్తిగా త్రోసివేయ సాహసింపను. బ్రిగ్సే అనేక వ్యక్తులను అనుగతమైనది. తల్లినుండి బిడ్డకు తెగక సాగివచ్చిన పరంపరగా ఏకమును అగును. కాని ఆ పరంపరకు ఒక కాలమున మొదలున్నది, కడపటి పురుగు చచ్చిననాడు తుదియు నుండును. కావున ఆ మూడు విశేషణములలో 'నిత్యము' అనుదానిని మాత్రము తార్కికులు ఉపసంహరించుకొనక తప్పదు.