కుమార్తెకును స్వాస్థ్యము

ధ్యానభాగములు: సంఖ్యాకాండము 27:1-11, యోబు 42:12-15



సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుటను సర్వసమాజము యెదుటను నిలువబడి, తమ తండ్రి భాగము తమకు కావలెనని అడిగిరి. వారి మాట న్యాయమైనదని దేవుడే తీర్పు చెప్పెను. అయితే మనమొక సంగతి గమనింపవలెను. వారికి సహోదరులు లేరు. కుమారుడు లేనియెడల కుమార్తెకు అన్నది ఆ తీర్పు. కుమారుడును కుమార్తెయు ఒకే యింట నున్నప్పుడు ఏమి చేయవలెను? మన యిండ్లలో వచ్చు ప్రశ్న యిదియే.

మన దేశపు చట్టము తన వంతు కొంత చేసినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకును, ఆడయైనను మగయైనను, ఉచిత విద్య హక్కని చెప్పినది. బడిలో ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి యుండవలెనని కూడ విధించినది. అయినను 2011 జనాభా లెక్కలలో ఏడేండ్లు మొదలుకొని పైబడిన పురుషులలో నూటికి సుమారు 81 మంది అక్షరాస్యులు కాగా, స్త్రీలలో సుమారు 65 మందియే. ఈ తేడా ఒక్కనాటిది కాదు. తరతరములుగా ఇంటింట జరిగిన నిర్ణయముల మొత్తమిది.

కొడుకును ఫీజు కట్టి ఇంగ్లీషు బడికిని, కూతురును ఉచిత బడికిని పంపుమని ఏ చట్టమును చెప్పలేదు. సాయంకాలము వాడు పుస్తకము తీయగా ఆమె బిందె తీయవలెనని ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపలేదు. ఎనిమిదవ తరగతి ముగిసి, పైచదువు పొరుగూర నున్నప్పుడు, ఆమెను మాన్పించునది ఇంటివారే.

"పరాయి యింటికి పోవు పిల్ల గదా" అందురు. ఆ మాటలో బీదరికపు బాధ కలదు. దానిని మనము తేలికచేయరాదు. ఉన్న రూపాయలు ఇద్దరికిని చాలకపోవచ్చును. అయితే చాలనప్పుడెల్ల ఒకరికే తగ్గించుట బీదరికము చేయు పని కాదు, మన మనస్సు చేయు పని. పొలము పంచినకొలది చిన్నదగును. చెల్లెలు చదివినందున అన్న నేర్చినది తగ్గదు. పైగా ఆమె ఏ యింటికి పోయినను ఆమెతో కూడ పోవునది ఈ ఆస్తియే. దానిని ఎవరును తాకట్టు పెట్టజాలరు.

ఇక యోబును చూడుడి. అతనికి ఏడుగురు కుమారులుండిరి. కుమార్తెలు వచ్చి అడిగినట్లు వ్రాయబడలేదు. అయినను సహోదరులతో పాటు వారికిని అతడు స్వాస్థ్యమిచ్చెను. చట్టము బలవంతపెట్టకమునుపే ఇచ్చుట తండ్రి నీతి. ఆ కుమారుల పేరులు మనకు తెలియవు; యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అను కుమార్తెల పేరులు లేఖనములో నిలిచియున్నవి.

కావున బడులు తెరచు దినమున ప్రతి యింట రెండు లెక్కలు చూచుకొందము: ఎవరికెంత ఫీజు, ఎవరికెంత చదువుకొను వేళ. ఎనిమిదవ తరగతితో ఆగిపోయిన ఆడపిల్లలు మన పేటలో నెవరో సంఘపెద్దలు విచారింతురు గాక. తండ్రి చేతిలో ఇద్దరి భాగమును సమముగా నుండునట్లు దేవుడు మనకు సహాయము చేయును గాక.